గాలి తక్కువున్న నీళ్లలో సెయిల్‌బోట్‌కు తెరచాపలు, ప్రొపెల్లర్ ఎలా ఎంచుకోవాలి

సియాటెల్ పక్కన ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో జూలై, ఆగస్టు నెలల్లో పడవ తీసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. పొద్దున నీళ్లు అద్దంలా ఉంటాయి. పదకొండు దాటాక ఉత్తరం నుంచి సన్నగా గాలి మొదలవుతుంది. మధ్యాహ్నానికి 8 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు), బాగున్న రోజైతే 12. సాయంత్రానికి మళ్లీ పడిపోతుంది. చలికాలంలో ఇదే నీళ్ల మీద దక్షిణం నుంచి తుపాను గాలులు వీస్తాయి గానీ, అప్పటికి మనలో చాలామందిమి పడవకు కవరు కప్పేసి ఇంట్లో ఉంటాం.

రెడ్‌మండ్, బాథెల్ వైపు ఉండే తెలుగువాళ్లలో పాత సెయిల్‌బోట్ కొన్నవాళ్లు నాకు కొందరు తెలుసు. అందరూ అడిగేది ఒకటే: ముందు చాపలు మార్చాలా, ప్రొపెల్లర్ మార్చాలా? నేను చెప్పేదీ ఒకటే. ఈ రెండింటినీ వేరు చేసి ఆలోచించకండి. చాప ముందుకు లాగుతుంటే, నీటి కింద తిరగకుండా నిలబడ్డ ప్రొపెల్లర్ వెనక్కి పట్టి ఉంచుతుంది. గాలి బాగా ఉన్న రోజు ఆ పట్టు మీకు తెలియదు, ఎందుకంటే పడవ వేగం పెరిగాక అది లేపే అలలే అసలు అడ్డంకి. గాలి తక్కువున్న రోజు పడవ 3 నాట్ల మీద నడుస్తుంటే అలల అడ్డంకి దాదాపు ఉండదు. మిగిలేవి అడుగుభాగం రాపిడి, ప్రొపెల్లర్ పట్టు. అందుకే వేసవిలో మాత్రమే తిరిగేవాళ్లకి ప్రొపెల్లర్ కూడా చాపల ఖర్చులో భాగమే.

ఉదాహరణకి 34 అడుగుల పడవ తీసుకుంటాను. నీటిగీత పొడవు 30 అడుగులు, బరువు 12,000 పౌండ్లు, 25 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. మా పడవ ఇంచుమించు ఇదే. మీది 28 అడుగులైనా 38 అయినా లెక్కచేసే తీరు మారదు.

ముందు ఒక వేసవంతా రాసిపెట్టుకోండి

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక నోటుపుస్తకం కొనండి. పడవ తీసిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయండి: గాలి ఎంత, ఏ వైపు నుంచి వచ్చింది, చాప మీద ఎన్ని గంటలు, ఇంజన్ మీద ఎన్ని గంటలు, ఇంజన్ ఎందుకు వేశారు. ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. "వేగం 3 నాట్ల కిందికి పడింది", "చీకటి పడుతోంది", "ఎదురు ప్రవాహం" అని ఒక్క ముక్కలో రాస్తే చాలు.

మా పుస్తకం చూసుకున్నప్పుడు నేను అనుకున్నదానికి పూర్తిగా వేరే సంగతి బయటపడింది. సియాటెల్‌లోని షిల్‌షోల్ మెరీనా నుంచి ఉత్తరాన ఉన్న పోర్ట్ టౌన్సెండ్ వెళ్లేటప్పుడు వేసవిలో గాలి ముక్కు మీద ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు వీపు మీద. ఎదురుగాలిలో వెళ్లడమే కష్టమని, దానికోసమే కొత్త చాప కావాలని నేను అనుకుంటూ ఉండేవాణ్ణి. పుస్తకంలో చూస్తే ఇంజన్ గంటలు ఎక్కువ పడింది తిరుగు ప్రయాణంలోనే.

కారణం సులువైన లెక్క. వెనక నుంచి 8 నాట్ల గాలి వీస్తుంటే, పడవ 4 నాట్ల మీద అదే దిక్కున పోతుంటే, చాపకు తగిలేది 4 నాట్లే. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒత్తిడి సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. బరువైన గుడ్డ వేలాడిపోతుంది, పడవ ఊగినప్పుడల్లా టపటపా కొట్టుకుంటుంది, విసిగిపోయి ఇంజన్ తాళం తిప్పుతాం. ఈ ఒక్క పేజీ చూశాక మేము కొనాలనుకున్న చాప మారిపోయింది.

ఉన్న చాపల్ని నేల మీద పరిచి చూడండి

పచ్చిక మీద గానీ, పెద్ద హాల్లో గానీ చాపను పూర్తిగా విప్పి పరచండి. కుట్టు మీద బొటనవేలి గోరుతో గట్టిగా గీయండి. దారం తెగిందంటే ఎండకి కుళ్లిపోయిందన్నమాట. గుడ్డ బాగుంటే మళ్లీ కుట్టిస్తే సరిపోతుంది, కొత్తది అక్కర్లేదు. చుట్టుకునే జెనోవాకు (స్తంభానికి ముందుండే పెద్ద చాప) వెనక అంచు, కింది అంచుల మీద రంగు గుడ్డ పట్టీ ఉంటుంది చూడండి, అది ఎండను తను తిని లోపలి చాపను కాపాడుతుంది. ఆ పట్టీ ఒక్కటే చిరిగితే అదొక్కటే మార్పించవచ్చు.

గుడ్డ బాగుండి కూడా ఆకారం పోయి ఉండవచ్చు. దాన్ని నేల మీద పట్టుకోలేం. 10 నాట్ల గాలిలో ఎదురు కోణంలో పోతూ, చాప కింది అంచు మధ్యలో నిలబడి తల పైకెత్తి ఫోటో తీయండి. చాప పొట్ట ఎక్కడ లోతుగా ఉందో చూడండి. మెయిన్‌సెయిల్‌లో, అంటే స్తంభానికి వెనకుండే చాపలో, ఆ లోతు ముందంచు నుంచి 40, 50 శాతం దూరంలో ఉండాలి. జెనోవాలో ఇంకాస్త ముందుకి ఉండాలి. పాత డేక్రాన్ గుడ్డ సాగిపోయాక గాలి పెరిగేకొద్దీ పొట్ట వెనక్కి జరుగుతుంది. అప్పుడు పడవ ముందుకి పోవడం తగ్గి పక్కకి ఒరగడం ఎక్కువవుతుంది, చుక్కాని బరువెక్కుతుంది. హాలియార్డ్ (చాపను పైకెత్తే తాడు) బిగించినా పొట్ట ముందుకి రాకపోతే ఆ చాప పని అయిపోయినట్టే.

నాలుగు కొలతలు, ఒక నిష్పత్తి

చాపల గురించి ఎవరితో మాట్లాడినా నాలుగు అక్షరాలు వినిపిస్తాయి. ఐ అంటే డెక్ నుంచి ముందు తీగ మాస్ట్‌ను (చాపలు నిలిపే స్తంభాన్ని) తాకే చోటి దాకా ఎత్తు. జె అంటే ఆ తీగ డెక్ మీద దిగిన చోటి నుంచి మాస్ట్ దాకా దూరం. పి మెయిన్‌సెయిల్ ముందంచు పొడవు. ఇ అంటే బూమ్ (మెయిన్‌సెయిల్ కింద ఉండే అడ్డకర్ర) మీద కింది అంచు పొడవు.

మా పడవకు ఐ 44 అడుగులు, జె 13.5, పి 38.75, ఇ 12. ముందు త్రికోణం 44ను 13.5తో గుణించి సగం చేస్తే 297 చదరపు అడుగులు. మెయిన్ త్రికోణం 232. మొత్తం దాదాపు 529. ఇప్పుడు బరువు: 12,000 పౌండ్లను 64తో భాగిస్తే పడవ పక్కకి నెట్టే సముద్రపు నీరు 187.5 ఘనపుటడుగులు. దాని ఘనమూలాన్ని వర్గం చేస్తే 32.8 వస్తుంది. 529ని దానితో భాగిస్తే 16 పైచిలుకు. పడవ బరువుకి చాపలు ఏపాటివో చెప్పే నిష్పత్తి ఇదే.

కుటుంబంతో తిరిగే పడవలు చాలావరకు 15, 18 మధ్యలో ఉంటాయి. మీది 15 కన్నా తక్కువైతే చిన్న గాలిలో పెద్ద ముందు చాప లేకుండా కదలదు. 18 దాటితే రీఫ్ (చాప కింది భాగం మడిచి కట్టి చిన్నది చేయడం) త్వరగా కట్టాల్సి వస్తుంది. ఈ లెక్కలో ఖాళీ పడవ బరువు కాకుండా నీళ్లు, డీజిల్, సామాను, మనుషులు కలిపిన బరువు వేయండి. మా పడవకి అది కలిపితే నిష్పత్తి 15 దగ్గరికి దిగింది.

జెనోవా: 135 లేదా 150?

ముందు తీగ నుంచి చాప వెనక మూలకి నిటారుగా కొలిచిన దూరాన్ని జె తో పోలుస్తారు. 135 శాతం అంటే మా పడవకి 18.2 అడుగులు, 150 అంటే 20.25. తేడా రెండడుగులే కదా అనిపిస్తుంది, కానీ విస్తీర్ణంలో అది 45 చదరపు అడుగుల దాకా వస్తుంది.

చిన్న గాలి నీళ్లు కాబట్టి 150 తీసుకోమని మీకు చాలామంది చెబుతారు. నేనూ మొదట అదే కొన్నాను, అది నా తప్పు. ఎదురుగాలిలో మలుపు తిప్పిన ప్రతిసారీ అంత గుడ్డను మాస్ట్ చుట్టూ ఈడ్చాలి. పడవలో ఇద్దరే ఉంటే, అందులో ఒకరు పిల్లల్ని చూసుకుంటుంటే, మూడో మలుపుకే చేతులు పడిపోతాయి. గాలి 10 నుంచి 14 నాట్లకి పెరిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది, అప్పుడు 150ని చుట్టి తగ్గించాలి. మూడో వంతు దాకా చుట్టాక ఏ జెనోవా అయినా మధ్యలో సంచిలా తయారవుతుంది. ముందంచు లోపల ఫోమ్ పట్టీ కుట్టిస్తే కొంత నయం, కానీ అద్భుతమేమీ జరగదు. 135 అయితే 18 నాట్ల దాకా కొద్దిగా చుట్టి లాగించవచ్చు.

ఇక 150 గెలిచే ఆ 5, 6 నాట్ల గాలిలో దానికన్నా పలుచటి నైలాన్ చాప ఎన్నో రెట్లు మేలు. కాబట్టి నా మాట: జెనోవా 130, 135 మధ్య కుట్టించండి, మిగిలిన డబ్బు నైలాన్ మీద పెట్టండి.

కుట్టించేటప్పుడు రెండు విషయాలు గట్టిగా అడగండి. వెనక మూల ఎత్తుగా ఉండాలి, కింద నుంచి ముందు ఏముందో కనిపించాలి. ఇక్కడ రాష్ట్ర ఫెర్రీలు రోజంతా అడ్డంగా తిరుగుతుంటాయి, పీతల బుట్టల బోయాలు నీటి మీద తేలుతుంటాయి. కింది అంచు డెక్‌ను రాసుకునే రేసింగ్ జెనోవా వెనక కూర్చుంటే ఇవేవీ కనబడవు. రెండోది ముందంచు పొడవు. చాప పైకెత్తాక చుట్టే యంత్రం పై స్వివెల్ (గుండ్రంగా తిరిగే కొక్కెం) మాస్ట్ శిఖరానికి దగ్గరగా ఉండాలి. చాప పొట్టిగా ఉంటే స్వివెల్ కిందే ఆగిపోతుంది, అప్పుడు హాలియార్డ్ తీగ చుట్టూ మెలిపడి చాప విప్పుకోదు, చుట్టుకోదు. చాప పొట్టిదైతే పైన చిన్న తాడు ముక్క కలిపి స్వివెల్‌ను ఎత్తుకు చేర్చాలి. మరీ పొడవైతే ఇంకా చిక్కు: చాప సాగాక బిగించడానికి పైన చోటుండదు.

గుడ్డ విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఇలాంటి పడవకి నేసిన పాలియెస్టర్ డేక్రాన్ చాలు. జెనోవాకు 6, 7 ఔన్సులు, మెయిన్‌కు 7, 8 ఔన్సులు. ఈ ఔన్సు వేరే లెక్క: 36 అంగుళాల పొడవు, 28.5 అంగుళాల వెడల్పు ముక్క ఎంత తూగుతుందో అది. లామినేట్ గుడ్డ ఆకారం బాగా నిలబెడుతుంది గానీ పొరలు విడిపోవడం, మధ్యలో బూజు పట్టడం దాని గుణం. వానలు ఎక్కువున్న ఈ ఊళ్లో చుట్టిపెట్టి నెలలు వదిలేసేవాళ్లకి అది వద్దు.

మెయిన్‌సెయిల్: రీఫ్‌లు ఎక్కడ కుట్టించాలి

మెయిన్ జెనోవా కన్నా నిదానంగా పాడవుతుంది, అందుకే చివరికి వదిలేస్తాం. మార్చినప్పుడు మాత్రం ఒక్క విషయం మీద పూర్తి దృష్టి పెట్టండి: రీఫ్.

ప్యూజెట్ సౌండ్ లోపలే తిరిగితే రెండు రీఫ్‌లు చాలు, కానీ లోతుగా ఉండాలి. అలవాటుగా వేసే చిన్న రీఫ్‌లు గాలి పెరిగితే ఎందుకూ కొరగావు. రెండో రీఫ్ కట్టాక మెయిన్ విస్తీర్ణం సగానికి దగ్గరగా రావాలని కుట్టేవాళ్లకి చెప్పండి. సౌండ్ దాటి వాన్ డి ఫ్యూకా జలసంధిలోకి వెళ్లే ఉద్దేశం ఉంటే మాత్రం మూడోది పెట్టించండి. అక్కడ వేసవి మధ్యాహ్నాల్లోనే పడమటి గాలి 25 నాట్లు దాటుతుంది. పోర్ట్ టౌన్సెండ్ పక్కన పాయింట్ విల్సన్ దగ్గర ఆ గాలికి ఎదురుగా ఆటు ప్రవాహం వస్తే అలలు నిటారుగా లేస్తాయి. రీఫ్ కట్టడం అక్కడికి చేరకముందే అయిపోవాలి.

బాటెన్లు (చాపను బిగువుగా ఉంచే సన్నటి బద్దలు) చాప వెడల్పంతా ఉంటే గుడ్డ తక్కువ కొట్టుకుంటుంది, బూమ్ మీద బొత్తిలా చక్కగా దిగుతుంది. కానీ అవి మాస్ట్ గాడిని నొక్కుతాయి, చాప ఎత్తడం బరువవుతుంది. మాస్ట్‌కి మంచి కార్లు (గాడిలో జారుతూ చాపను పట్టే చిన్న బండ్లు) వేయించే ఖర్చు లేకపోతే పైన రెండు పూర్తి బాటెన్లు, కింద రెండు పొట్టివి పెట్టించడం మంచి మధ్యదారి. మాస్ట్ లోపలికి చుట్టుకునే మెయిన్ ఉన్న పడవ మీదైతే, సాగిపోయిన పాత చాపతో దాన్ని నడపకండి. పొట్ట పెరిగిన గుడ్డే గాడిలో ఇరుక్కుంటుంది, అదీ గాలి పెరిగి తగ్గించాల్సిన సమయానికే.

వెనక గాలికి నైలాన్

మా తిరుగు ప్రయాణాల సమస్యకి జవాబు ఇదే. అసిమెట్రిక్ స్పిన్నకర్ (వెనక గాలికి ఉబ్బే పెద్ద, పలుచటి ముందు చాప), 0.75 ఔన్సు నైలాన్, దాన్ని మింగి మూసే పొడవాటి గుడ్డ తొడుగుతో సహా. తొడుగు తాడు కిందికి లాగితే చాప మొత్తం గొట్టంలోకి వెళ్లిపోతుంది కాబట్టి ఇద్దరే ఉన్నా భయం లేదు. సరిగ్గా వెనక నుంచి వచ్చే గాలిలో అది పెద్దగా పని చేయదు. 20, 30 డిగ్రీలు పక్కకి తిప్పి ఒక వంపులో పోయి, మళ్లీ ఇంకోవైపు తిప్పాలి. దూరం కొంచెం పెరుగుతుంది, వేగం అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. గాలి 12 నాట్లు దాటుతుందనిపించగానే తొడుగు దించేయడం మా ఇంట్లో నియమం.

తుపాను జిబ్, ట్రైసెయిల్ లాంటి తుపాను గాలికి వాడే చిన్న చాపలు ఈ లోపలి నీళ్లకి కొనకండి. 2017లో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టివచ్చిన మన నౌకాదళం పడవ తారిణి మీద తుపాను చాప ఉంది. ఆరుగురు మహిళా అధికారులు నడిపిన ఆ పడవలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. ఆ ప్రయాణం తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. వాళ్లు దాటింది దక్షిణ పసిఫిక్, కేప్ హార్న్. వాళ్ల చాపల జాబితా వాళ్ల సముద్రానికి సరిపోయింది. మీ జాబితా మీ నోటుపుస్తకంలోంచి రావాలి.

చాపలు శరదృతువులో ఆర్డర్ చేయండి. వసంతంలో అందరూ ఒకేసారి పరుగెత్తుతారు, కుట్టేవాళ్లకి తీరిక ఉండదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో చాలాచోట్ల ధర తగ్గిస్తారు, పడవ దగ్గరికి వచ్చి కొలతలు తీసుకునే ఓపికా ఉంటుంది. వీలైతే కొలత వాళ్లచేతే తీయించండి. పాత చాపను కొలిచి కొత్తది కుట్టిస్తే పాత తప్పు కూడా కొత్తదానిలోకి వస్తుంది.

ఇప్పుడు ప్రొపెల్లర్: ముందు ఇంజన్‌ని అడగండి

కొత్త ప్రొపెల్లర్ ఏ రకం కావాలో తేల్చుకునే ముందు, పాతది ఇంజన్‌కి సరిపోయిందో లేదో చూడాలి. అడుగుభాగం, బ్లేడ్లు శుభ్రంగా ఉన్న రోజు, నీళ్లు నిలకడగా ఉన్నచోట, ముందు గేరులో థ్రాటిల్ పూర్తిగా తోసి కొన్ని నిమిషాలు నడపండి. ఇంజన్ తిరిగే చుట్లు పుస్తకంలో రాసిన గరిష్ఠానికి చేరాలి. మా ఇంజన్‌కి అది నిమిషానికి 3,200. అక్కడికి చేరకుండా నల్లపొగ వస్తుంటే ప్రొపెల్లర్ మరీ పెద్దది, ఇంజన్ రోజూ మోయలేని మూట మోస్తోందని అర్థం. సునాయాసంగా ఆ అంకె దాటేస్తే ప్రొపెల్లర్ చిన్నది.

పాత పడవల్లో ఇంజన్ చుట్ల మీటరును నమ్మకండి. మా మీటరు 300 ఎక్కువ చూపిస్తూ ఉండేది, ఆ లెక్కతో ఇంకా పెద్ద ప్రొపెల్లర్ ఆర్డర్ చేయబోయాను. పుల్లీ మీద మెరిసే టేపు ముక్క అంటించి చేతిలో పట్టుకునే ఆప్టికల్ టాకోమీటరుతో కొలిచాక ఆగాను. ఆ చిన్న పనిముట్టు చాలా చవక.

ప్రొపెల్లర్ బుడిపె మీద అంకెలు చెక్కి ఉంటాయి. 15, 9, ఆర్‌హెచ్ అంటే వ్యాసం 15 అంగుళాలు, పిచ్ 9 అంగుళాలు, వెనక నుంచి చూస్తే గడియారం దిక్కున తిరుగుతుంది. పిచ్ అంటే మెత్తటి చెక్కలో మరమేకులా తిరిగితే ఒక చుట్టుకి ఎంత ముందుకి పోతుందో అది. లెక్క ఇలా చేయండి. ఇంజన్ 3,200 చుట్లు, గేరుపెట్టె నిష్పత్తి 2కి 1, కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ 1,600 తిరుగుతుంది. 1,600ని 9తో గుణించి 1,215తో భాగిస్తే 11.85 నాట్లు. నీళ్లు చెక్క కాదు, జారిపోతాయి. ఇలాంటి బరువైన పడవకి 45 శాతం జారుడు వేసుకుంటే 6.5 నాట్లు మిగులుతుంది. పడవ సహజ వేగ హద్దు నీటిగీత 30 అడుగుల వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చే 7.3 నాట్లు. 6.5 దానికి దగ్గరగా, దాటకుండా ఉంది కాబట్టి పిచ్ సరైన చోటే ఉంది. ఈ లెక్క తయారీదారుల లెక్కకి బదులు కాదు. వాళ్లు చెప్పిన సైజు మీ లెక్కకి రెండు మూడు అంగుళాలు తేడాగా ఉంటే, ఎందుకో అడగగలిగే ధైర్యం ఇస్తుంది.

బ్లేడు కొసకి, పడవ అడుగుకి మధ్య ఖాళీ చూసుకోండి. వ్యాసంలో 10 నుంచి 15 శాతం ఉండాలి, అంటే 15 అంగుళాలకి దాదాపు రెండు అంగుళాలు. తక్కువైతే బ్లేడు పైకి వచ్చిన ప్రతిసారీ అడుగు దడదడలాడుతుంది. వ్యాసం తగ్గించక తప్పకపోతే పిచ్ పెంచాలి. ఒక అంగుళం వ్యాసం, రెండు మూడు అంగుళాల పిచ్‌తో సమానంగా ఇంజన్ బలాన్ని తీసుకుంటుందని పాతకాలపు లెక్క.

ఏ రకం?

కదలని మూడు బ్లేడ్లది చవక, గట్టిది, ఇంజన్ మీద బాగా తోస్తుంది. చాప మీద పోయేటప్పుడు అర నాట్ నుంచి ఒక నాట్ దాకా తినేస్తుంది. ఏడాదిలో ముప్పావు వంతు ఇంజన్ మీదే తిరిగే పడవకి అదే ఉండనివ్వండి. నోటుపుస్తకం ఈ సంగతి మొహమాటం లేకుండా చెబుతుంది. కదలని రెండు బ్లేడ్లది అడ్డం తక్కువ, కానీ అలల్లో ఇంజన్ మీద పోవాల్సివస్తే నీరసం.

మడత ప్రొపెల్లర్ బ్లేడ్లు పూల మొగ్గలా వెనక్కి ముడుచుకుంటాయి. అన్నిటిలో అడ్డం తక్కువ దీనికే, నాచు, తాళ్లు తక్కువ చిక్కుకుంటాయి. ముందుకి బాగా తోస్తుంది. వెనక్కి నడిపేటప్పుడు మాత్రం బ్లేడ్లు తిరిగే బలంతోనే విచ్చుకుని ఉండాలి, కాబట్టి ఆపే శక్తి కొంత తక్కువ. సెయిల్‌డ్రైవ్ (ఇంజన్ నుంచి నేరుగా కిందికి దిగే కాలుకి ప్రొపెల్లర్ బిగించే అమరిక) ఉన్న పడవకి నా ఎంపిక ఇదే.

ఫెదరింగ్ ప్రొపెల్లర్ బ్లేడ్లు తమ చుట్టూ తాము తిరిగి నీటి ప్రవాహానికి అంచు చూపిస్తాయి. రివర్స్ వేయగానే బ్లేడ్ మొత్తం తిరగబడుతుంది, అందుకే వెనక్కి కూడా ముందుకి తోసినంత బలంగా తోస్తుంది. బ్లేడ్లు చదునుగా ఉంటాయి కాబట్టి ముందుకి కొంచెం తగ్గుతుంది. ఏటా గ్రీజు పట్టాలి, ధర కదలనిదానికి కొన్ని రెట్లు.

మేము ఫెదరింగ్ తీసుకున్నాం, కారణం సియాటెల్‌లోని బాలర్డ్ లాక్స్, అంటే నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే గేట్ల గదులు. 1917 నుంచి పనిచేస్తున్న ఆ లాకుల గుండానే ఉప్పునీటి నుంచి లేక్ యూనియన్ మంచినీటిలోకి వెళ్లాలి. ఇరుకు గోడల మధ్య, ముందు ఒక పడవ, వెనక ఇంకొకటి, అడుగున ప్రవాహం. అక్కడ పడవ అనుకున్నచోట ఆగాలి, లేకపోతే ఎదుటివాళ్ల పడవకి తగులుతుంది. మా పాత ప్రొపెల్లర్‌తో ఆ పది నిమిషాలూ మా ఆవిడ ముందు ఫెండర్ (పడవలు గుద్దుకోకుండా అడ్డం పెట్టే మెత్త) పట్టుకుని నిలబడేది. మీ మెరీనా విశాలంగా ఉండి, లాకుల జోలికి పోకపోతే మడత ప్రొపెల్లర్ డబ్బు ఆదా చేస్తుంది.

కుడివైపు తిరిగే ప్రొపెల్లర్ రివర్స్‌లో పడవ వెనకభాగాన్ని ఎడమకి లాగుతుందని గుర్తుంచుకోండి. రకం మార్చినా ఈ గుణం పోదు. ఎడమ పక్క గట్టుకి ఆనేలా బెర్త్ దొరికితే ఆ లాగుడే మీకు సాయం.

బిగించేటప్పుడు

ఆర్డర్ చేసేముందు షాఫ్ట్ వ్యాసం, కొస వాలు, కీ (షాఫ్ట్ మీద ప్రొపెల్లర్ జారకుండా పట్టే లోహపు ముక్క) గాడి వెడల్పు కొలవండి. షాఫ్ట్ కొసకి, చుక్కానికి మధ్య దూరం కూడా కొలవాలి. ఫెదరింగ్ ప్రొపెల్లర్ బుడిపె పాతదానికన్నా పొడవుగా ఉంటుంది. బిగించాక మళ్లీ ఊడదీయడానికి చోటు లేకపోతే చుక్కాని దించాల్సివస్తుంది.

వాలు మీద నీలిరంగు పూసి ప్రొపెల్లర్‌ను కీ లేకుండా తొడిగి తీయండి. రంగు అంతటా సమానంగా అంటితే సరిగ్గా కూర్చున్నట్టు. అక్కడక్కడే అంటితే రుద్దుడు పేస్టుతో సరిచేయాలి. తర్వాత కీ పెట్టి తొడిగి, నట్లు బిగించి, పిన్ను వేయడం మరవకండి. షాఫ్ట్ మీద జింకు (షాఫ్ట్‌కి బదులు తను తుప్పుపట్టే లోహపు ముక్క, ఆనోడ్) వేసేటప్పుడు కట్‌లెస్ బేరింగ్‌కి, అంటే షాఫ్ట్‌ను పట్టి ఉంచే రబ్బరు బేరింగ్‌కి, ఆనించకండి. కనీసం ఒక అంగుళం వదిలితే బేరింగ్‌లోకి నీళ్లు పోతాయి. ఉప్పునీటిలో జింకు, మంచినీటిలో మెగ్నీషియం, రెండు నీళ్లలో తిరిగే పడవకి అల్యూమినియం ఆనోడ్ వేయాలి. లేక్ యూనియన్‌లో కట్టి సౌండ్‌లో తిరిగేవాళ్లకి అల్యూమినియమే సరి.

వేసవిలో పీతల బుట్టల మధ్య తిరుగుతాం కాబట్టి షాఫ్ట్ మీద తాడు కోసే కత్తి పెట్టించమని చాలామంది చెబుతారు. మేమూ పెట్టించాం. దానికి కూడా షాఫ్ట్ మీద చోటు కావాలి, ముందే లెక్కలో వేసుకోండి.

నీళ్లలోకి దించాక ఫెదరింగ్ ప్రొపెల్లర్‌ను మూయడం నేర్చుకోవాలి. చాప ఎత్తి, 2, 3 నాట్ల మీద ముందు గేరులో పోతూ, గేరు తీయకుండానే ఇంజన్ ఆపేయండి. షాఫ్ట్ ఆగిపోతుంది, నీటి ఒత్తిడికి బ్లేడ్లు మూసుకుంటాయి. షాఫ్ట్ ఇంకా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తే మూసుకోనట్టే. మళ్లీ ఇంజన్ వేసి మొదటినుంచి చేయండి. తర్వాత గేరు ఏ స్థానంలో ఉంచాలన్నది మీ గేరుపెట్టె పుస్తకం చెప్పినట్టే చేయండి, పక్క పడవవాళ్ల మాట కాదు.

డబ్బు కొంచెమే ఉంటే ఏ వరుసలో

అడుగుభాగం, ప్రొపెల్లర్ శుభ్రం చేయించడం అన్నిటికన్నా ముందు. బ్లేడ్ల మీద గవ్వపురుగులు పట్టి ఉంటే ఏ లెక్కా నిలవదు. తర్వాత పాత చాపల కుట్లు. ఆ తర్వాత, సౌండ్ లోపలే తిరిగేవాళ్లైతే ప్రొపెల్లర్, దాని వెనకే నైలాన్ చాప, ఆపైన జెనోవా, చివరికి మెయిన్. బయటి సముద్రానికి వెళ్లేవాళ్లకి ఈ వరుస మారుతుంది: లోతైన రీఫ్‌లున్న మెయిన్ మొదటిది, నైలాన్ ఆఖరిది. మేము ప్రొపెల్లర్ మార్చిన వేసవిలో పాత చాపలతోనే 6 నాట్ల గాలిలో అర నాట్ పైన తేడా చూశాం. ఇంజన్ వేయాల్సిన హద్దు వెనక్కి జరిగింది.

మార్చిన ప్రతిదాని తర్వాత నోటుపుస్తకంలో అవే ఐదు సంగతులు రాస్తూ ఉండండి. కొత్త చాప మొదటి నెల సాగుతుంది, హాలియార్డ్ రెండు మూడుసార్లు బిగించాలి. కొత్త ప్రొపెల్లర్‌కి పూర్తి థ్రాటిల్ పరీక్ష మళ్లీ చేయండి. ఫెదరింగ్ రకాల్లో చాలావాటికి పిచ్ మార్చుకునే వీలుంది, అంకె తేడా వస్తే వెంటనే సరిచేయించుకోండి.

పాత ప్రొపెల్లర్ మాత్రం అమ్మేయకండి. దాని కీ, నట్లు, పిన్నుతో కలిపి నూనె గుడ్డలో చుట్టి పడవ అడుగు అరలో పెట్టుకోండి.